కూర్చుని వాయించిన పాట

నేను ఎవరికీ నిరసన తెలపలేదు. ఈ ముక్క ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో నాకే గుర్తు లేదు. ఆఫీసు వీడియో కాల్‌లో చెప్పాను. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటూ చెప్పాను. మా అమ్మాయి డాన్స్ క్లాసు బయట కార్లలో ఎదురుచూసే తల్లులకి చెప్పాను. విన్నవాళ్లందరూ ఓపిగ్గా తల ఊపి, చివరికి ఒకటే మాట అన్నారు: "అది సరేగానీ, లేచి నిలబడాల్సింది కదండీ."

వారంలో అయిదు రోజులు నేను టెక్సస్‌లో, డాలస్ పక్కన కాపెల్‌లో, ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. శనివారాలు ఇక్కడి పల్లెపాటలు పాడే ఒక కంట్రీ బ్యాండ్‌లో ఫిడేలు వాయించేదాన్ని. ఫిడేలంటే వేరే వాయిద్యమేమీ కాదు, నేను చిన్నప్పటినుంచీ కీర్తనలు వాయించిన వయొలినే. మేం అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో బాల్కనీలో సాధన చేసుకుంటుంటే కింది ఫ్లోర్ ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. గోలకి కంప్లైంట్ చేయడానికి వచ్చిందనుకుని, తలుపు తీస్తూనే సారీ చెప్పాను. ఆవిడ చేతిలో గిటారు ఉంది. "ఇందాకటి ఆ పాట కొంచెం నెమ్మదిగా వాయిస్తావా? నాకు దానికి సరిపోయే మాటలున్నాయి" అంది. ఆవిడకి అప్పటికే అరవై దాటాయి. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఆవిడ గొంతులో డీజిల్ పొగా తేనే కలిసి ఉండేవి. బ్యాండ్ ఆవిడదే. ఆవిడా, ఒక డ్రమ్మరూ, నోరు విప్పని ఒక బేస్ గిటారు వాయించే ఆయనా, ఆపైన నేనూ. నా వీసా మీద బయట సంపాదన కుదరదు కాబట్టి ఎక్కడికి వెళ్లినా ఒక బార్బెక్యూ ప్లేటు పెడితే తిని వచ్చేదాన్ని. దాంతోనే నా ప్రాణం హాయిగా ఉండేది.

మొదటి మూడేళ్లూ అందరిలాగే టోపీ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, నిలబడి వాయించాను. మనకి వయొలిన్ నేల మీద బాసింపట్టు వేసుకుని వాయించడం అలవాటు. ఒక కొస భుజానికీ, రెండో కొస కుడి చీలమండకీ ఆనించుకుంటే వాయిద్యం ఒంట్లో భాగంలా కుదురుతుంది. నిలబడి గడ్డం కింద ఇరికించుకోవడం నేర్చుకునేసరికి నెలరోజులు మెడ పట్టేసింది. అయినా నేర్చుకున్నాను. ఎవరింటికెళితే వాళ్ల పీట మీద కూర్చోవాలి కదా అనుకున్నాను.

ఇంతలో డ్రమ్మరు భార్య మా వ్యవహారాలు చూసుకోవడం మొదలుపెట్టింది. ఆవిడకి బ్యాండ్ "ఇమేజ్" మార్చాలని బుద్ధి పుట్టింది. బ్యాండ్ పేరులో ఇక్కడి నల్లవాళ్ల బానిసత్వపు రోజుల్ని గుర్తుచేసే మాట ఒకటుంటే తీసేయించింది. దానికి నేనూ చేయెత్తాను, ఇప్పటికీ ఎత్తుతాను. తర్వాత టోపీలు పోయాయి. తర్వాత బూట్లు పోయాయి. చివరికి ఆవిడ చూపు నా మీద పడింది. మా ఇంటికి వచ్చినప్పుడు నేను నేల మీద కూర్చుని వాయిస్తుండగా చూసిందట. "ఇదే! ఇదే మనకి కావలసింది! చీర కట్టుకుని ఇలాగే కూర్చో. పోస్టర్ మీద నువ్వే ఉంటావు" అంది. మూడేళ్లు నిలబడమని చంపి, ఇప్పుడు కూర్చోమని ముచ్చటపడుతున్నారు! ఒళ్లు మండింది. కానీ అబద్ధం ఎందుకు, లోపల సంతోషం కూడా వేసింది. పాత శ్రోతలు అప్పటికే సణుగుతున్నారు. పేరు మార్చారనీ, టోపీలు తీశారనీ, "రాజకీయాలు దూర్చారు" అనీ ఆన్‌లైన్‌లో రాస్తున్నారు. పెద్దావిడ మాత్రం, "మా మామ్మ టోపీ లేకుండానే పాడేది" అని కొట్టిపారేసింది.

ఆ వేసవిలో రెండు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో సంత లాంటి జాతర జరిగింది. పశువుల పోటీలూ, రంగులరాట్నాలూ, వేయించిన ప్రతి పదార్థమూ అక్కడే. ఆరంభంలో జాతీయగీతం ఫిడేలు మీద వినిపిస్తే కొత్తగా ఉంటుందని డ్రమ్మరు భార్యే జాతర వాళ్లని ఒప్పించింది. నేను రెండు వారాలు సాధన చేశాను. పరాయిదేశపు గీతం కాబట్టి ఒక్క స్వరం కూడా తప్పు పోకూడదని భయం. వేదిక మీద ఆవిడే స్వయంగా కుట్టుదుప్పటి పరిచింది, మైకుని నేలకి ఒక జానెడు ఎత్తులో అమర్చింది. నేను చెప్పులు మెట్ల దగ్గర విప్పి, వేదికకి దణ్ణం పెట్టుకుని, కూర్చుని, కళ్లు మూసుకుని వాయించాను.

అందరూ నిలబడతారని నాకు తెలీదా? తెలుసు. మా బడిలో జనగణమన పాడేటప్పుడు పిల్లలంతా కొయ్యబొమ్మల్లా నిలబడితే, హార్మోనియం టీచరు మాత్రం కూర్చునే వాయించేది. వాయించేవాళ్లు కూర్చుంటారు, పాడేవాళ్లు నిలబడతారు. నా బుర్రలో అది అంత సహజంగా ఉండిపోయింది. ఇక చెప్పులంటారా, కచేరీలో చెప్పులేసుకుని వాయిద్యం పట్టుకుంటే మా గురువుగారు కర్ర పుచ్చుకునేవారు. నాకు తెలిసిన మర్యాదలన్నీ ఏ ఒక్కటీ తగ్గకుండా ఆ గీతానికి చేశాను.

మర్నాటికి వీడియో అంతటా పాకింది. ఇక్కడ జాతీయగీతానికి లేవకపోతే అది ప్రభుత్వం మీద నిరసన కిందే లెక్కట. "జెండా ఎగురుతుంటే చెప్పులు విప్పి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది." "టోపీలు తీసినప్పుడే అనుకున్నాం." "ఇష్టం లేకపోతే వచ్చిన దారినే పొమ్మనండి." అటువైపు వాళ్లు ఇలా ఉంటే, ఇటువైపు వాళ్లు ఇంకా ఘోరం. ఎక్కడివాళ్లో నాకు పూలు పంపారు. నా ధైర్యం గురించి ఒకాయన పేజీ నిండా రాశాడు. ఒక ఊరేగింపు ముందు కూర్చుని వాయిస్తావా అని అడిగారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అసలు ఆ రెండిట్లో నేను లేనే లేను మొర్రో అంటే వినేవాళ్లు లేరు. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో సగం మంది "ప్రౌడ్ ఆఫ్ యూ సిస్టర్" అని చప్పట్ల బొమ్మలు పెట్టారు. మిగతా సగం, "ఇలాంటివాళ్ల వల్లే మన హెచ్‌వన్ వీసాలకి గండం" అన్నారు. వాళ్లలో ఒకాయన కిందటి నెలే మా ఇంట్లో దోసెలు తిని వెళ్లాడు.

ఇక బ్యాండ్ తరఫున ప్రకటన వచ్చింది. రాసింది డ్రమ్మరు భార్య. "ఆ కళాకారిణి కూర్చోవడం పూర్తిగా ఆమె వ్యక్తిగత నిర్ణయం." చదవగానే ఫోన్ చేశాను.

"కూర్చోమన్నది నువ్వే కదా?"

"కూర్చోమన్నాను. కానీ ఆ పాటకి కూర్చోమని ప్రత్యేకంగా చెప్పలేదుగా."

"మరి మైకు నేల మీద ఎవరు పెట్టారు?"

"చూడు, ఇప్పుడు అందరం టెన్షన్‌లో ఉన్నాం. కొన్నాళ్లు నువ్వు బ్రేక్ తీసుకుంటే మంచిది" అని పెట్టేసింది.

నాకు ఏడుపు రాలేదు. గిన్నెలన్నీ తోమేశాను, తోమినవి మళ్లీ తోమాను. నాకు కావలసింది ఆ బ్యాండ్‌లో నా జానెడు చోటు. అది నాకు ఈ దేశంలో ఎవరూ అప్లికేషన్ అడగకుండా ఇచ్చిన ఒకే ఒక్క చోటు. అది పోతే నాకు మిగిలేది టెస్టింగూ, కరివేపాకూ.

మా ఆయన లాయర్‌తో మాట్లాడి వచ్చాడు. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కాబట్టి సైలెంట్‌గా ఉండమన్నాడు. ఆన్‌లైన్‌లో ఎక్స్‌ప్లెయిన్ చేయకు, రిప్లై ఇవ్వకు. ఎవరు ఏం పోస్ట్ చేసినా లైక్ కూడా కొట్టకు. సరేనా?"

"నేను తప్పు చేయలేదని చెప్పుకోవడం కూడా తప్పేనా?"

"తప్పని ఎవరన్నారు? నీ మాట కరెక్టే. కానీ కరెక్ట్‌గా ఉండి చేసేదేముంది చెప్పు?"

నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోని మనిషి ఒకరే ఉన్నారు. పది రోజుల తర్వాత ఒక దాణా దుకాణం ప్రారంభోత్సవంలో పెద్దావిడ, పాట మొదలుపెట్టకుండా మైకు పట్టుకుని మాట్లాడింది. ఎవరో రికార్డ్ చేశారు. "ఆ అమ్మాయిని కూర్చోమన్నది మేం. చెప్పులు విప్పడం ఎందుకో నేను ఆ రోజే అడిగి తెలుసుకున్నాను, మీరు అడగలేదు. వాళ్లు గుడిలోకి వెళ్లేటప్పుడు అలా విప్పుతారు. మన పాటకి ఆ అమ్మాయి చేసిన మర్యాద, నేను నలభై ఏళ్లుగా పాడుతూ ఒక్కసారి కూడా చేయలేదు. మీకు ఎవరినైనా తిట్టాలనిపిస్తే ఇదిగో, నేనున్నాను."

తిట్టమంటే మానేవాళ్లా? ఆ తిట్లన్నీ నా మీదినుంచి ఆవిడ మీదికి మళ్లాయి. ముసలిదానికి మతి పోయిందన్నారు. ఆవిడ పాతికేళ్లుగా ప్రతి శనివారం పాడిన డాన్స్ హాలు వాళ్లు ఇక రావద్దన్నారు. డ్రమ్మరూ, ఆయన భార్యా బయటికి వెళ్లి వేరే బ్యాండ్ పెట్టుకున్నారు. తీసేసిన మాట పేరులో మళ్లీ పెట్టి, టోపీలు మళ్లీ ఎక్కించారు. ఇప్పుడు వాళ్లకి బోలెడు గిరాకీ.

పెద్దావిడ మాట్లాడిన ఆ వీడియో నేను పదకొండుసార్లు చూశాను. మొదటిసారి ఏడ్చాను. తర్వాత దాని కింద రాసినవన్నీ చదివాను. ఆవిడకి మద్దతుగా రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో నేను లేను. లాయర్ వద్దన్నాడని అనుకోవచ్చు. మా ఆయన వద్దన్నాడని కూడా అనుకోవచ్చు, పాపం ఆయన మీద చాలాసార్లు విరుచుకుపడ్డాను కూడా. కానీ ఆవిడకి ఫోన్ చేయొద్దని నాకు ఏ లాయరూ చెప్పలేదు. ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే ఆవిడ ఇల్లు. వెళ్లొద్దని ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ అటువాళ్లనీ ఇటువాళ్లనీ, వాట్సాప్ వాళ్లనీ, డ్రమ్మరు భార్యనీ తిట్టుకున్న నోటితోనే ఇది కూడా చెప్పాలి: నా కోసం నిలబడిన మనిషికి నేను నెలరోజులు ముఖం చూపించలేదు.

చివరికి ఆవిడే ఫోన్ చేసింది. వంటలో ఉండి, పేరు చూడకుండా ఎత్తేశాను.

"హనీ, ఎలా ఉన్నావు? నేనూ, బేస్ ఆయనా వాళ్ల గరాజ్‌లోనే మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నాం. ఎవరూ చూడరు, ఎవరూ రికార్డ్ చేయరు. నీకు ఎలా ఇష్టమైతే అలా కూర్చో. ఈ మంగళవారం వస్తావా?"

ముందు సారీ చెప్పాలనుకున్నాను. థాంక్స్ చెప్పాలనుకున్నాను. ఎవరైనా కారు నంబరు ఫోటో తీస్తే? ఎవరైనా మళ్లీ రాస్తే? గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ రాతలు అచ్చేసిన కాగితం ముందుకు తోస్తే?

"ఈ వారం ఆఫీసులో పెద్ద రిలీజ్ ఉంది. సాయంత్రాలు కుదరవు. తర్వాత చూద్దాం" అన్నాను.

"అలాగే హనీ, పని ముందు" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆవిడ నా మాట నమ్మింది.

ఆ వారం మా ఆఫీసులో ఏ రిలీజూ లేదు.