ఖాళీ బోనులో సీసాలు

పరిశోధనశాల ఎలుకల గదిలో ఇరవై రెండేళ్లుగా బోన్లు కడుగుతున్న ఆవిడను అందరూ ఎలుకలమ్మ అనేవారు. చదువు మూడో తరగతితో సరి. నోరు మాత్రం ఏ తరగతిలోనూ పట్టేది కాదు.

ఆ నెల కళ్లజోడు పిల్ల పరిశోధన నడుస్తోంది. మంచి పిల్లే, కాకపోతే కంగారు మనిషి. మెదడులో నోరడ్రినలిన్ అనే పదార్థం ఉంటుందట. అది హరించుకుపోతే ఎలుకకు దేని మీదా మనసు పోదట. పన్నెండు ఎలుకలకు దాన్ని పోగొట్టే సూది వేసి కింది అరలో పెట్టారు. పన్నెండింటికి ఉత్త ఉప్పునీళ్ల సూది వేసి పై అరలో పెట్టారు. ప్రతి బోనుకూ మామూలు నీళ్ల సీసా ఒకటి, చక్కెర నీళ్ల సీసా ఒకటి. దిగులు పట్టిన ఎలుక తీపి జోలికి పోదని వాళ్ల లెక్క.

"దీనికింత హంగామా ఎందుకే పిల్లా? మా ఆయన చనిపోయిన ఏడు నా టీలో చక్కెర పడిందో లేదో నాకే తెలిసేది కాదు. నన్నడిగితే చెప్పేదాన్నిగా!" అంది ఎలుకలమ్మ.

నాలుగో రోజు పొద్దున కళ్లజోడు పిల్ల సీసాలు తూచి గంతులేసింది. పై అరలో చక్కెర నీళ్లు సగానికి పడిపోయాయి. కింది అరలో కొద్దిగానే తగ్గాయి. ఆ పిల్ల పరిశోధన చూసే డాక్టరు గారు చేతి తొడుగులు వేసుకుని వచ్చేశారు. ఇక ఎలుకలను చంపి మెదళ్లు తీయడమే.

పై అర బోన్లలో పరిచిన పొట్టు మారుస్తున్న ఎలుకలమ్మ చేతికి తడి తగిలింది. సరిగ్గా సీసా గొట్టం కింద. ఎలుక మూలకు పోయి పోస్తుంది గాని తాగే చోట పాడుచేసుకోదు. తలెత్తి చూస్తే, పై అర చక్కెర సీసాలన్నిటికీ పారేయమని తను బుట్టలో వేసిన పాత రబ్బరు బిరడాలు! కొత్తవి చాలక కళ్లజోడు పిల్ల ఏరుకుంది.

ఎలుకలమ్మ పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోండమ్మా, టైము లేదు" అన్నారు డాక్టరు గారు.

"టైము లేనిది మీకు కాదండీ, వాటికి. సీసాలు కారుతున్నాయి. మీ ఎలుకలు తాగలేదు, నా పొట్టు తాగింది."

"కడగడం మీ పని. లెక్కలు మాకొదిలేయండి."

"కడిగేదాన్ని గనకే కనబడింది! ఎలుక లేని బోనుకు ఆ సీసాలు తగిలించండి. రేపటికి మట్టం తగ్గకపోతే ఈ గడప మళ్లీ తొక్కను."

ఆయన కళ్లజోడు పిల్ల వంక చూశారు. ఆ పిల్ల అప్పటికే బిరడాల వంక చూస్తోంది. డాక్టరు గారు తొడుగులు విప్పేశారు.

మర్నాటికి ఖాళీ బోనులో చక్కెర నీళ్లు రెండు వేళ్ల మేర దిగిపోయాయి. కళ్లజోడు పిల్ల బావురుమంది.

కొత్త బిరడాలతో మళ్లీ నాలుగు రోజులు పెట్టారు. ఈసారీ సూది పడ్డ ఎలుకలు తక్కువే తాగాయి.

"తేడా ఉంది గానీ చాలా చిన్నది అమ్మమ్మా" అంది కళ్లజోడు పిల్ల.

"చిన్నదైతేనేం, ఇది ఎలుకది. మొన్నటిది బిరడాది."

మెదళ్లు తీసే రోజు ఎలుకలమ్మ అడ్డం రాలేదు. బోన్లు తనే ఒక్కొక్కటీ అందించింది. ఆఖరి బోను మాత్రం చేతికివ్వకుండా పట్టుకుంది.

"వీటి పేరు చెప్పి అబద్ధం రాయరుగా?"

"రాయనమ్మా" అని డాక్టరు గారి చేత అనిపించుకున్నాకే వదిలింది.