పచ్చదే ఏసినానమ్మా

ఏడేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. మూడక్షరాల మాట. పచ్చదే.

మాటలకు కరువున్నవాణ్ణి కాను. చింతామణి బస్టాండులో నేను కనబడితే టీ గ్లాసులు పక్కన పెట్టి నవ్వడానికి సిద్ధమైపోతారు. అందుకే వాళ్ళకు చెప్పలేదు. చెబితే నవ్వుతారు. మీకు నా ముఖం తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఏడో తరగతిలో బడి మానేశాను. సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్ ఉచితమైన కొత్తల్లో, ఊరి బయట ఒక చిన్న పరిశోధన కేంద్రంలో అటెండర్‌గా కుదిరాను. అక్కడ ఒక శాస్త్రవేత్త ఉండేవారు. బాగేపల్లి వైపు అర్చకుల ఇంటి ఆడబిడ్డ. అందరూ మేడమ్ అనేవాళ్ళు, నేను అమ్మా అనేవాణ్ణి.

పద్దెనిమిదేళ్ళుగా ఆమెది ఒకటే పని. ఆకు ఎండను పట్టుకుని తన తిండి తాను చేసుకుంటుంది కదా, ఆ పట్టుకునే అణువు ఏ ఆకారంలో ఉంటుందో చూడాలి. మల్బరీ ఆకులోంచి దాన్ని వేరుచేసి, స్ఫటికాలుగా పెంచి, ఎక్స్-రే కింద పెడితే తెలుస్తుందట. ఎన్నిసార్లు చేసినా స్ఫటికాలు పెరగలేదు. నేను చేరిన మరుసటి వేసవిలో పెరిగాయి.

నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించారు. "చూడప్పా, ఆకు ఎండను పట్టుకునే చెయ్యి ఇదే."

ఆవగింజ కంటే చిన్న పచ్చరాళ్ళు. "మీరు పచ్చలు పండిస్తాండారమ్మా, ఉంగరం చేయించుకోండి" అన్నాను. ఆమె అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఎక్స్-రే యంత్రం దగ్గర ఏర్పాట్లకని ఆమె పది రోజులు బయటికి వెళ్ళాల్సి వచ్చింది. స్ఫటికాలున్న చీకటిగది తాళం నాకిచ్చారు. పూటపూటా లోపలి వేడి ఎంతో చూసి పుస్తకంలో రాయాలి. తెల్లదీపం వేయకూడదు. పచ్చ జీరో బల్బు వేసి, చూసిన వెంటనే ఆర్పేయాలి. పచ్చ వెలుగును ఆకు తినదట, వేరే వెలుగు పడితే అవి చెడిపోతాయట. అంతా విన్నాను. అర్థం కాకపోలేదు.

రెండో రోజే మోచెయ్యి తగిలి ఆ బల్బు పగిలింది. చింతామణి అంగట్లో ఆ రంగు లేదు, పసుపుది ఉంది. మా ఇండ్లలో పసుపు పూసిన గడపా పచ్చదే, వేపాకూ పచ్చదే. పచ్చ బల్బే కదా అనుకుని అదే తెచ్చి బిగించాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నట్టు నాకు నేను చెప్పుకున్నాను.

ఆ దీపం నిమిషం వేసి ఆర్పేసి ఉంటే ఏమయ్యేదో. కానీ అది ఏప్రిల్. బయట తారు చెప్పులకు అంటుకుంటోంది, ఆ గదిలో ఏసీ. మధ్యాహ్నం అన్నం తిని లోపలికి పోయి, ఆ దీపం కిందే పేపరు చదువుతూ సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒక రోజు కాదు, ఏడు రోజులు. ఆమె పద్దెనిమిదేళ్ళు నా మోకాలి పక్కన గాజుమూత కింద ఉన్నాయి.

ఆమె వచ్చే ముందురోజు చిక్కబళ్ళాపురం పోయి ఆకుపచ్చ బల్బు తెచ్చి బిగించాను. తెలియక చేసినవాడైతే బల్బెందుకు మార్చాడు? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒక్క జోకూ తట్టదు.

ఆమె వచ్చి చూశారు. రాళ్ళు లేవు, గోధుమరంగు మడ్డి ఉంది.

"ఏమప్పా, కరెంటు పోయిండెనా?"

"లేదమ్మా. బుక్కులో రాసినాను చూడండి."

"దీపం పచ్చదే కదా ఏసింది?"

"పచ్చదే ఏసినానమ్మా."

ఆమె పైకి చూశారు. బల్బు ఆకుపచ్చగా ఉంది.

"నువ్వేం చేస్తావులే. తప్పు నా పద్ధతిలోనే ఉండాది."

"పోనీలేమ్మా, ఉంగరం ఇంకోతూరి చేయించుకుందురు" అన్నాను. నా కోసమని నవ్వారు.

ఇంకోతూరి రాలేదు. పనికిచ్చిన గడువు అయిపోయింది. తన పద్ధతిలో ఆ స్ఫటికాలు నిలవవని ఆమె చివరి నివేదికలో రాసి సంతకం పెట్టారు. తర్వాత చిక్కబళ్ళాపురంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పారు. పోయిన ఏడాది కాలం చేశారు. చూడడానికి వెళ్తే ఆమె చెల్లెలు, "మా అక్కను నవ్విస్తాండింది నువ్వేనా అప్పా?" అని అడిగి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. తాగాను.

దీపమే చెరిపిందో, మరొకటో, ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. తేల్చగలిగిన మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు నేను చెప్పలేదు. ఆ నివేదిక ఏదో బీరువాలో అట్లాగే ఉంటుంది, ఆమె తప్పుగానే.

క్షమించమని అడగడానికి మనిషి లేదు. మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు చెప్పాల్సిన జవాబును ఒక్కసారి సరిగ్గా రాస్తే చాలనుకున్నాను.

పసుపుది ఏసినానమ్మా.