అన్నప్రాసన పళ్ళెంలో నీలం ఇంకు

పాప పుట్టాక నీలం ఇంకుతో రాయడం మానేశాను. ఎందుకు మానేశానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో నాకు ఇంకుల పిచ్చి. ఇంటర్ పాసయినప్పుడు నాన్న ఇక్కడే చేత్తో చేసిన నల్ల కలం కొనిచ్చారు. మూత కింద మెడ విప్పి, డ్రాపరుతో ఇంకు పోసుకునే రకం. నిండా పోస్తే బుద్ధిగా రాస్తుంది. అడుగున కొంచెమే ఉంటే చేతి వేడికి కక్కుతుంది. ఆ కలం కోసం ఎన్ని సీసాలు కొన్నానో! వరదొచ్చినప్పుడు గోదావరి ఉండే రంగులో ఒకటి, నారుమడిలాంటి ఆకుపచ్చ ఒకటి, వంకాయ తొక్కలాంటిది ఇంకొకటి. ఎన్ని కొన్నా చివరికి నీలం దగ్గరికే వచ్చేదాన్ని. రాసేటప్పుడు నిండుగా ఉండి, ఆరాక కొంచెం వెలిసినట్టు కనిపించేది. నా అక్షరాలు ఆ రంగులో ఉంటేనే నావి అనిపించేవి.

పాప నెల తక్కువలో పుట్టింది. మొదట్లో ఊపిరి సరిగ్గా తీసుకోలేదని అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మగారు, "పెదాలు గానీ గోళ్ళు గానీ నీలంగా మారితే ఏ వేళైనా సరే తీసుకొచ్చేయండమ్మా" అన్నారు. ఆవిడ మందులు ఎలా వెయ్యాలో చెప్పినంత మామూలుగానే చెప్పారు. నేను మాత్రం ఆ రోజు నుంచి పాప మొహంలో ఇంకేమీ చూడలేదు. అందరూ "నవ్వుతోంది, నవ్వుతోంది" అంటే నేను పెదాల రంగు చూసేదాన్ని.

ఒకరోజు కలంలో ఇంకు పోసుకుని, చేతులు సరిగ్గా కడుక్కోకుండా పాపని ఎత్తుకున్నాను. దుప్పటి మీద నా వేలి గోరు నీలంగా కనిపించింది. అది పాప గోరనుకున్నాను. నాదని తెలిశాక కూడా పాప వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూశాను. ఆ సాయంత్రమే నీలం సీసాని బీరువాలో చీరల వెనక్కి తోసేశాను.

ఆడపిల్లకి బేసి నెలలో చెయ్యాలని, ఐదో నెలలో డాక్టరమ్మగారు వద్దన్నారని, ఏడో నెలలో అన్నప్రాసన పెట్టుకున్నాం. పాప పుట్టినప్పటి నుంచి మా అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. ముందురోజు సాయంత్రం మా ఆడపడుచు జంగారెడ్డిగూడెం నుంచి బస్సులో దిగింది. పాప ముందు పళ్ళెంలో పుస్తకం, కలం, బంగారం, పువ్వులు పెట్టాలి. ఏది ముట్టుకుంటే అందులో పైకొస్తుందంటారు.

"బాల్ పెన్ను పెడదామండీ, అత్తయ్యగారూ" అన్నాను.

"కలం ఉన్న ఇంట్లో బాల్ పెన్నేంటమ్మా? మీ నాన్నగారిచ్చింది ఉందిగా. ఖాళీది మాత్రం పెట్టకూడదు. ఇంకు పొయ్యి."

"ఎర్ర ఇంకు పొయ్యి వదినా. టీచరమ్మ అయిపోయి అందరి తప్పులూ దిద్దుద్ది" అంది ఆడపడుచు.

"తొలి ముద్ద తినేరోజున తప్పులెందుకే? నలుపు కూడా వద్దు."

"నీలం ఉంటుంది కదా. అదెప్పుడూ ఉండేదేగా" అన్నారు మా ఆయన.

"అయిపోయిందండీ" అనేశాను. "ఆకుపచ్చ పోద్దాం."

"అయితే గెజిటెడ్ ఆఫీసరే! మనమంతా దాని ఆకుపచ్చ సంతకం కోసం గుమ్మం ముందు నిలబడాలి" అని ఆడపడుచు నవ్వింది. అత్తగారు కూడా నవ్వారు. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పరమాన్నం పొయ్యి మీద ఉంది. కలంలో ఆకుపచ్చ పొయ్యమని మా ఆయనకి చెప్పి నేను వంటింట్లో ఉండిపోయాను. నేను రాకముందే పాపని పళ్ళెం ముందు దింపినట్టున్నారు, కాసేపటికి హాల్లోంచి ఒకటే గోల.

"కలమే! కలమే పట్టుకుంది!"

గిన్నె తీసుకుని వచ్చేసరికి మా ఆడపడుచు పాప నోట్లోంచి మూత ఊడిన కలం లాగేసి పక్కన పెడుతోంది. పాప బోర్లా పడుకుని తలెత్తి నా వైపు చూసింది. కింది పెదవి నీలంగా ఉంది.

గిన్నె ఎవరి చేతిలో పెట్టానో గుర్తులేదు. పాపని లాక్కుని, చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తాను. "ఆటో! ఆటో!" అని అరుస్తున్నది నేనేనని తర్వాత తెలిసింది.

మా ఆయన వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఇంకు! అది ఇంకు, ఆగు!"

"ఆకుపచ్చ కదండీ పోసింది! ఇది నీలం! కనబడట్లేదా మీకు?"

"నీలమే పోశాను! ఆకుపచ్చ సీసా మూత బిగుసుకుపోయింది. పట్టులంగా కోసం బీరువా తీస్తే చీరల వెనక నీలం సీసా కనబడింది. పిల్ల కదా అని రెండు చుక్కలే పోశాను."

రెండు చుక్కలే. పాప గుప్పిట్లో వేడికి అది కక్కకుండా ఉంటుందా! ఆయనకి ఆ సంగతి తెలీదు. ఇదంతా ఇప్పుడు అర్థమవుతోంది గానీ అప్పుడు ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు. ఆటో వచ్చి ఆగింది. ఇంతలో అత్తగారు ఆయాసపడుతూ వచ్చి, చీర కొంగు నోటితో తడిపి పాప పెదవి మీద గట్టిగా తుడిచారు. పాప కెవ్వుమంది. కొంగుకి నీలం అంటింది. ఇంకు పోయిన చోట పెదవి ఎర్రగా ఉంది.

"చూడమ్మా. ఇంకు. చూశావా?"

చూశాను. అయినా ఏడుస్తున్న నోటిలోకి, నాలుక మీదికి, చిగుళ్ళ మీదికి వంగి వంగి చూశాను. ఆటో అబ్బాయి "ఎక్కుతున్నారాండీ?" అని రెండుసార్లు అడిగి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మగారికి ఫోన్ చేస్తే ఏ ఇంకో, ఎంత మింగిందో అడిగారు. ఫరవాలేదు, ఓ కన్నేసి ఉంచండి అన్నారు. "పెదాలు మాత్రం శుభ్రంగా కడగండి. లేకపోతే రేపు నేను చూసినా ఏది ఇంకో నాకూ తెలీదు" అన్నారు. పరమాన్నం చల్లారాకే పాపకి తొలి ముద్ద పెట్టాం.

మధ్యాహ్నం ఆడపడుచు బస్సెక్కాక అత్తగారు కొంగు ఉతుకుతూ అడిగారు. "నిండు సీసా దాచి అయిపోయిందన్నావెందుకు?"

చెప్పాను. డాక్టరమ్మగారి మాట, నా గోరు, చీరల వెనక సీసా, అన్నీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"రోజూ నేనే స్నానం పోస్తానని నీతో పోట్లాడేది ఎందుకనుకున్నావు? నూనె రాస్తూ ముందు గోళ్ళే చూస్తాను. ఇరవై గోళ్ళూ. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు."

ఇన్ని నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే పిల్లని, ఒకరికి తెలియకుండా ఒకరం చూసుకుంటున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కొంగు పిండి దండెం మీద ఆరేశారు. మరక పూర్తిగా పోలేదు. లేత నీలంగా ఇంకా ఉంది.

ఇప్పుడు పాప పడుకుంది. నీలం సీసా బల్ల మీదే ఉంది. ఇది దానితోనే రాస్తున్నాను. భయం పోయిందని చెప్పలేను. ఈ కాగితం సగంలో ఉండగా లేచి వెళ్ళాను. మంచం దగ్గర అత్తగారు అప్పటికే ఫోన్ లైటు వేసి, పాప చెయ్యి పట్టుకుని వంగి ఉన్నారు. నన్ను చూసి లైటు ఆర్పబోయారు.

"ఆర్పకండి అత్తయ్యగారూ. నేనూ చూస్తాను" అన్నాను. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను.