మాతకిచ్చిన పిల్ల

నాకు మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి చావుదాకా వెళ్ళొచ్చానట. బిడ్డ బతికితే కన్యాస్త్రీల మఠానికి ఇచ్చేస్తానని మా అమ్మ వేళాంగణ్ణి మాతకు మొక్కుకుంది. జ్వరం తగ్గింది. నా సంగతి కూడా ఆరోజే తేలిపోయింది. మొక్కింది అమ్మ, బతికించింది మాత, ఇక మధ్యలో నన్ను అడిగేదేముంది!

అరవనాట మా కోసపాళయంలో మమ్మల్ని ఎరిగినవాళ్ళందరికీ ఈ మాట తెలుసు. డెబ్భైల చివర్లో నేను సిస్టర్లు నడిపే కాలేజీలో చేరేసరికి అక్కడికీ పాకింది. తోటి అమ్మాయిలు సినిమా కబుర్లు చెప్పుకుంటూ, నేను రాగానే గప్‌చుప్ అయ్యేవాళ్ళు. "సిస్టర్ వచ్చింది" అంటూ కొంటెగా లేచి నిలబడేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. సిస్టర్లు పాపం ప్రేమగానే చూశారు. ఆ ప్రేమే ఎక్కువైంది. గుడిలో పూలు సర్దాలన్నా నేనే, పొద్దుటి పూజలో బైబిలు పాఠం చదవాలన్నా నేనే.

ఇంటికొస్తే పక్కింటి అత్త. బజారులో కొట్టున్న హిందువుల ఇల్లాలు, మాలాగే తెలుగువాళ్ళు. సాయంత్రం మల్లెపూలు కట్టి వీధిలో ఆడపిల్లలందరికీ పంచేది. నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకునేది.

"నీకెందుకులేమ్మా, నువ్వు సామికి పొయ్యే బిడ్డవి. పెడితే నాకు పాపం."

ఆమె దేవుడు వేరు, మా దేవుడు వేరు. నా విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు.

నాకు పూజన్నా పాటలన్నా ఇష్టమే. కానీ ఇల్లు కావాలి, మొగుడు కావాలి, పిల్లలు కావాలి. ఆ మాట వినిపించుకునే మనిషే ఊళ్ళో లేడు.

చివరి ఏడు, ఈస్టరు ముందొచ్చే తపస్సుకాలంలో కాలేజీలో మౌనధ్యానం పెట్టారు. ఆఖరున పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, జాలీ అవతల కూర్చున్న ముసలి ఫాదరుకు పాపాలన్నీ వదిలేసి ఇదొక్కటే చెప్పాను.

"మొక్కు మొక్కుకున్నవాళ్ళదే. నిన్నెవరూ కట్టెయ్యలేరు. వెళ్ళి మీ అమ్మకు చెప్పు" అన్నాడాయన తమిళంలో.

పరుగున ఇంటికొచ్చాను. అమ్మ పెరట్లో చేపలు తోముతోంది. చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. లేచి చేతులు కడుక్కుంది.

"ఏందే, ఫాదరు సామే చెప్పినాడా?"

"అవునమ్మా. మొక్కు మొక్కుకున్నోళ్ళదేనంట."

"అట్నా. అయితే అది నాదే గదా. నువ్వు యాడికీ పోవద్దులే."

ఇంత సులువుగా వదిలేసిందేమిటా అనుకున్నాను. ఆదివారం తెలిసింది. పూజలో ఫాదరు నాలుక మీద పెట్టే సత్ప్రసాదం అందుకోడానికి అందరూ లేచారు. అమ్మ లేవలేదు, మోకాళ్ళ మీదే ఉండిపోయింది. మరుసటి వారమూ అంతే. మా పేట గుడి చూసే విచారణ ఫాదరు ఇంటికొచ్చి, మొక్కును వేరే పుణ్యకార్యంగా మార్చుకోవచ్చనీ, దోషమేమీ లేదనీ నచ్చజెప్పాడు.

"మాతకు మాటిచ్చి తప్పినదాన్ని, ఏ నోటితో తీసుకునేది సామీ?" అంది అమ్మ.

ఆయనతో వాదించలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, వండి పెట్టడం మానలేదు, ముఖం ముడుచుకోలేదు. ప్రతి ఆదివారం నేను వరసలో ముందుకు నడిచేదాన్ని. ఊరంతా నా వెనక, అమ్మ ఉండిపోయిన బెంచీకేసి చూసేది. మఠానికి వెళ్తానని ఒక్క మాటంటే అమ్మ లేస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. వదిలేసి ఇంత గట్టిగా కట్టెయ్యడం మా అమ్మకే చేతనైంది. ఆమె మీద కోపమొచ్చేది, ఆ కోపానికి మళ్ళీ ఏడుపొచ్చేది.

ఎనభైల్లో నాకు పెళ్ళయింది. పెళ్ళిపూజలో మా ఇద్దరికీ సత్ప్రసాదం ఇచ్చాక, ఫాదరు పాత్ర పట్టుకుని తనే మెట్లు దిగి అమ్మ దగ్గరికి వెళ్ళాడు. కొత్త పట్టుచీరలో మోకరించి ఉన్న అమ్మ తలెత్తి, ఆయన పక్కనుంచి నాకేసి చూసి నవ్వింది. నోరు మాత్రం తెరవలేదు.