అమ్మ ముడి వేయని పువ్వు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. సినిమావాళ్ల మధ్య బతికినదాన్ని. తెల్లచీర, పెద్ద ఫ్యాను, సాంబ్రాణి పొగ ఉంటే దెయ్యం తయారని తెలుసు. అలాంటి చీరలు కొన్నిటికి అంచు కుట్టింది నేనే. ఇది చెబితే మావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మాది నరసాపురం వైపు. మా అమ్మ లేసు అల్లేది. ఇంట్లో ఎవరైనా ప్రయాణంలో ఉంటే చేతిలో ఉన్న పువ్వు పూర్తి చేసేది కాదు. ఆఖరి ఉచ్చు అలాగే వదిలేసి, వెళ్లినవాళ్లు గడప దాటి లోపలికొచ్చాకే ముడి వేసేది. వేలు వంకర కావడంతో ఆవిడ పువ్వులో ఒక రేకు ఎప్పుడూ పక్కకు ఒరిగేది. దానికి లేసు కొనేవాళ్లతో మాటలు పడేది కూడా.

అమ్మ పోయిన మరుసటి ఏడు, తొంభైల్లో, పాటల షూటింగుకు శ్రీలంక వెళ్లాం. మావారు కాస్ట్యూమ్స్ చూసేవారు, నాది జరీ పని. షూటింగ్ అయ్యాక కారు మాట్లాడుకుని సముద్రం వెంట బయల్దేరాం. పెళ్లయ్యాక మేమిద్దరమే తిరిగింది అదే మొదలు.

ఒక ఊళ్లో అరుగు మీద ఓ ముసలావిడ లేసు చేస్తోంది. మన అల్లిక కాదు. దిండుకు గుండుసూదులు గుచ్చి, చిన్న కర్ర కండెలకు దారాలు చుట్టి, వాటిని అటూ ఇటూ మారుస్తోంది. మన కొక్కెం సూది ఊసే లేదు. నేను అక్కడే చతికిలబడ్డాను.

“నువ్విక లేవవులే, కాళ్లు తడుపుకుని వస్తా,” అని ఆయన వెళ్లారు.

రాలేదు.

ఒడ్డున చెప్పులున్నాయి, మనిషి లేరు. పెద్ద అల లాక్కుపోయిందని జాలర్లు చెప్పింది డ్రైవరు తమిళంలో చెప్పాడు. మద్రాసులో నేర్చుకున్న తమిళం ఆ ఒక్క మాటకు రాకపోతే బావుండుననిపించింది. పడవలు వెళ్లాయి, ఖాళీగా వచ్చాయి, మళ్లీ వెళ్లాయి. నేను నీళ్లలోకి పరిగెత్తితే ఆడవాళ్లు పట్టుకుని లాగారు. మొక్కని దేవుడు లేడు. ఆయన్ని వదిలేసి నన్ను తీసుకుపొమ్మని అరిచి అరిచి గొంతు పోయింది.

నన్ను మళ్లీ ఆ అరుగు మీదే కూర్చోబెట్టారు. దిండు మీద, కండెల పక్కన, అల్లిక పువ్వు ఒకటుంది. ఒక రేకు ఒరిగింది. ఆఖరి ఉచ్చు తెరిచే ఉంది. అది తనది కాదని ముసలావిడ డ్రైవరుతో చెప్పించింది.

ఆ ఉచ్చు లాగితే పువ్వంతా ఊడిపోతుంది. రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను, ఆయన చెయ్యి పట్టుకున్నట్టు. పొద్దు వాలకముందే ఒక పడవ ఆయన్ని ప్రాణంతో తెచ్చింది.

హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్‌లో మా ఇంటి గడప దాటి ఆయన లోపలికి రాగానే నేను చేసిన మొదటి పని ఆ ముడి వేయడం. తెల్లారి చూస్తే ఉచ్చు తెరిచి ఉంది. సరిగా బిగించలేదేమో అనుకుని మళ్లీ వేశాను. పైన సూదితో కుట్టేశాను కూడా. పొద్దున నా కుట్టు దారం పక్కన పడి ఉంది. ఇప్పటికీ అంతే.

ఆయనలో వంక పెట్టడానికేం లేదు. అవే జోకులు, అదే గురక, పప్పులో ఉప్పు తక్కువైందని అదే సణుగుడు. అయినా అమ్మ లెక్కలో మనిషి ఇంకా ఇల్లు చేరలేదు. ఎందుకో నాకు తెలియదు. ఎవర్ని అడగాలో అంతకన్నా తెలియదు. భయంగా ఉంది, అంతే.

సాయంత్రాలు గుమ్మంలో నిలబడుతుంటాను. ఓ రోజు ఇంటి ఓనరమ్మ చూసి ఆగింది.

“ఎవరి కోసం చూస్తున్నవమ్మా? మీ ఆయన లోపలనే ఉన్నడు గదా.”

లోపల్నుంచి ఆయన దగ్గు వినిపించింది. నేను వీధి చివరికే చూస్తున్నాను.