కుక్కర్లయిపోయిన కారు తలుపు

ఎనుమాముల మార్కెట్ రోడ్డు పక్కన కారు ఆపి మా ఆయనా నేనూ చాయ్ తాగుతుంటే, మిరప బస్తాల ట్రాక్టరు ఒకటి వెనక్కి వచ్చి నేను కూర్చునే వైపు తలుపును లోపలికి నొక్కేసింది. మనుషులకు ఏమీ కాలేదు. తలుపు మాత్రం ఆ తర్వాత తెరుచుకోలేదు.

ఇన్సూరెన్సు వాళ్ల తరఫున సర్వేయరు వచ్చి చూశాడు. షెడ్డులో బాగు చేయించుకుంటే బిల్లు కంపెనీ కడుతుందనీ, వద్దనుకుంటే కాస్త తగ్గించి నగదు ఇస్తుందనీ చెప్పాడు. మాది హన్మకొండలో స్టీలు గిన్నెల దుకాణం. నగదు అనే మాట వినగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"కారు నడుస్తాంది గదా, తలుపుకేం తొందర? పెండ్లిళ్ల సీజన్ల సరుకుకు పనికొస్తయి పైసలు," అన్నాడు.

"మరి నేనెట్ల ఎక్కాలె?"

"నా దిక్కు నుంచి ఎక్కు. జర సర్దుకో."

ఆ సర్దుకోవడం ఏమిటో చెప్తాను. ఆయన సీటు మీదుగా, స్టీరింగుకు తగలకుండా ఒళ్లు ముడుచుకుని, గేరు రాడ్డు దాటి అవతల పడాలి. యాభై దాటిన మోకాళ్లతో, పట్టుచీరతో. వెనక కూర్చుందామంటే ఆ సీటు ఎప్పుడో మడిచేసి గిన్నెల పెట్టెలకు ఇచ్చేశాడు. ఏ ఫంక్షన్ హాలు ముందు దిగినా నలుగురూ ఆగి చూసేవాళ్లు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చేది. ఆయన పక్కన నిలబడి, కుచ్చిళ్లు జాగ్రత్త అని సలహా ఇచ్చేవాడు.

వచ్చిన డబ్బు కుక్కర్లయి దుకాణం అరల్లో కూర్చుంది. అవి అమ్ముడుపోగానే తలుపు వేయిస్తానని మాటిచ్చాడు. దాంతో నేను మధ్యాహ్నాలు దుకాణానికి వెళ్లడం మొదలుపెట్టాను. చాయ్ వడగట్టే జాలీ కోసం వచ్చిన ఆమెకు కూడా కుక్కరు అంటగట్టి పంపాను. సీజను ముగిసేలోపే అన్నీ పోయాయి. ఆయన ఎంతో సంతోషించి మళ్లీ కుక్కర్లే తెప్పించాడు. ఈసారి పెద్దవి.

నాకు కడుపు మండింది. మర్నాడే వెళ్లి డ్రైవింగు స్కూల్లో చేరాను.

"ఈ వయసుల నీకెందుకే గీ లొల్లి?" అని ఆయన నవ్వాడు. లైసెన్సు చేతికొచ్చాక నవ్వడం మానేశాడు.

తొర్రూరులో మా తమ్ముడి కూతురి పెళ్లికి కారు నేనే నడుపుతానని, తాళంచెవి ముందుగానే కొంగున ముడేసుకున్నాను. కొత్త పట్టుపంచె కట్టుకున్న మా ఆయన చేసేదిలేక డ్రైవరు సీటు మీదుగా పాకి అవతలికి వెళ్లి కూర్చున్నాడు. హాలు ముందు కారు ఆపగానే, మా తమ్ముడు మర్యాదగా ఎదురొచ్చి ఎడమ తలుపు లాగాడు. అది రాలేదు.

"బావా, జర లాకు తియ్," అన్నాడు.

తియ్యడానికి అక్కడ లాకెక్కడిది? ఆయన నా వైపు నుంచే బయటికి రాబోయాడు. సగం దూరం వచ్చాక పంచె గేరు రాడ్డుకు చిక్కుకుంది. సన్నాయి వాయించేవాళ్లతో సహా అందరూ ఇటే చూస్తున్నారు. నేను ముందే దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"జర సర్దుకోండి," అన్నాను.

వారం తిరక్కుండా కొత్త తలుపు వచ్చింది. రంగు కాస్త తేడాగా ఉన్నా చక్కగా తెరుచుకుంటుంది. ఆయన దాన్ని స్వయంగా తెరిచి, "ఇగో, ఇప్పుడు మంచిగ ఎక్కు," అంటూ తాళంచెవి కోసం రెండో చెయ్యి చాపాడు.

"మీరే ఎక్కండి. నాకు ఆ దిక్కే అలవాటయింది," అని నేను అటు తిరిగి వెళ్లి బండి స్టార్ట్ చేశాను.