అమ్మకి రెస్టు

నా చిన్నప్పుడు మా రాయగడ రైల్వే కాలనీలో అందరి నోటా ఆడే ఇంగ్లీషు ముక్క ‘రెస్టు’. రైలుగేటు కాసే మా నాన్నకి వారానికొక రోజు సెలవొస్తే అది రెస్టు. బియ్యం బస్తా దించిన ఒడియా కూలీ ‘టికే రెస్ట్’, కాస్త రెస్టు, అని బీడీ ముట్టిస్తే అదీ రెస్టే. రిటైరైన తాతల్ని చూసి, ఈళ్లకింకేటి, రోజూ రెస్టే అని ఏడిపించేవాళ్లు. మా పక్కింటి మావయ్య ఉద్యోగం పేరే ‘రెస్టు గివరు’. రోజుకో గేటుకెళ్లి, అక్కడి గేటుమేన్ డ్యూటీ తను చేసి, అతన్ని ఇంటికి పంపేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకి ఆయాసం మొదలైంది. కాళ్లు ఉబ్బిపోయేవి. నాన్న బిస్సమ్ కటక్ ఆస్పత్రికి తీసుకెళ్తే, గుండె బలహీనంగా ఉంది, మందులకన్నా ముందు రెస్టు కావాలన్నాడట డాక్టరు. మందులు తెచ్చేరు. రెస్టు ఎవరు తెస్తారు? ఆరుగురికి వంట, వీధి కుళాయి నుంచి నీళ్లు, మంచాన పడ్డ నాయనమ్మ పనులు. ‘రెస్టు తీసుకోవే’ అని నాన్న చెప్పేవాడు. చెప్పి, అన్నం పెట్టమనేవాడు.

అమ్మ గుమ్మంలో కూలబడి రొప్పుతుంటే చూడలేక ఒకరోజు మావయ్య దగ్గరికి పరుగెత్తేను.

“మావయ్యా, మా అమ్మకి రెస్టివ్వవా? డాక్టరు సెప్పేడు,” అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “సరే అమ్మీ, లక్ష్మీవారం నాకు రెస్టు. ఒచ్చేత్తాను,” అన్నాడు.

అన్నట్టే గురువారం తెల్లారేసరికి వచ్చేడు. గేటు దగ్గర డ్యూటీ మార్చుకునేటట్టే అమ్మ ఎదుట నిలబడి, “సెల్లెమ్మా, సార్జి నాకిచ్చేసి ఎల్లి పడుకో,” అన్నాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. “అయ్యో అన్నయ్యా, నలుగురూ ఏటనుకుంటారు!” అంటూనే గరిటె ఇచ్చేసింది. ఆయన నీళ్లు మోసేడు, పప్పు వండేడు, నాయనమ్మకి తినిపించేడు. అమ్మ సాయంత్రం దాకా ఒళ్లెరగకుండా నిద్రపోయింది. పగటిపూట అమ్మ నిద్రపోవడం నేను చూడ్డం అదే మొదలు. భయమేసి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేను. ఊపిరి తగిలేక ధైర్యమొచ్చి ఆటకి పోయేను.

మర్నాడు మావయ్య తన డ్యూటీకి వెళ్లిపోయేడు. అమ్మ మళ్లీ పొయ్యి ముందు కూచుంది. ఆ మంగళవారం కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయింది. మరి లేవలేదు. చూడ్డానికొచ్చినవాళ్లు, పోనీలే, ఇన్నాళ్లకి తల్లికి రెస్టొచ్చింది అన్నారు. ఆ మాటన్న నోళ్లు నొక్కేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఇప్పటికీ వస్తుంది.

ఒకరి పని ఇంకొకరు నెత్తికెత్తుకుంటే తప్ప రెస్టనేది అందదని ఆ ఒక్క రోజుతో మావయ్య నాకు చూపించేడు. అరవై దాటిన ఈ వయసులోనూ ఎవర్నీ రెస్టు తీసుకోమని ఊరికే అనను. వాళ్ల చేతిలో గిన్నెలు లాక్కుని తోముతాను. అయినా ఏం లాభం? లక్ష్మీవారానికీ మంగళవారానికీ మధ్య నాలుగు రోజులున్నాయి. తొమ్మిదేళ్లదాన్ని, చిన్న బిందె మోయగలను. “నువ్వు సదూకో అమ్మీ, నాను సేసుకుంటాను,” అంది అమ్మ. నేను చదువుకుంటూ కూచున్నాను.